సంగటి సారు

సారు పోయిన రోజు నా ఫోను పొయ్యి మీది పెనంలా కాలిపోయింది. పులివెందుల నుంచి ఒకరు, పెండ్లిమర్రి నుంచి ఒకరు, మైదుకూరులో ఎరువుల అంగడి నుంచి ఒకరు, బెంగళూరులో మబ్బులు తగిలేంత ఎత్తు మేడ మీద నుంచి ఒకడు. ఊళ్ళు వేరు, ఉద్యోగాలు వేరు, గొంతులు వేరు. ప్రశ్న మాత్రం అందరిదీ ఒకటే.

"సార్, మన సంగటి సారు పోయినాడంట గదా?"

"అవునప్పా. తెల్లవారుజామున. నిద్రలోనే."

ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఆ తర్వాత,

"తిన్నాడా సార్?"

ఎవరైనా పోయారంటే ఏం జబ్బు, ఎంత వయసు, ఏ ఆసుపత్రి అని అడుగుతారు. ఈయన విషయంలో భోజనం గురించి అడిగారు. తిన్నాడనే చెప్పాను. పడుకోబోయే ముందు మజ్జిగన్నం తిన్నాడని, ఇంకో గరిటె మజ్జిగ అడిగి మరీ పోయించుకున్నాడని వాళ్ళావిడ చెప్పింది. ఆ మాట వినగానే అవతలి గొంతు తేలికపడేది. "అయితే సరే సార్" అనేవాళ్ళు, బస్సు టైముకే వచ్చిందని తెలిసినంత నిమ్మళంగా.

ఆయన రూపం గురించి చెప్పాలి. సన్నగా ఉండేవాడంటే సరిపోదు. జమ్మలమడుగులో గాలి లేస్తే ముందు దుమ్ము లేచేది, తర్వాత కాగితాలు లేచేవి, ఆ తర్వాత ఈయన లేచేవాడు. చొక్కాను ఆయన తొడుక్కున్నట్టుండేది కాదు, చొక్కాయే ఆయన్ని తొడుక్కున్నట్టుండేది. ఎండలో నిలబడితే నీడ పడేందుకు చాలినంత సరుకు దొరక్క సూర్యుడు మొహమాటపడేవాడు. అటువంటి మనిషికి కడప జిల్లా పడమటి పల్లెలన్నింటిలో ఉన్న పేరు సంగటి సారు. రాగిపిండి, బియ్యం కలిపి ఉడికించి, తెడ్డుతో గెలికి, మూడేళ్ళ పిల్లవాడి తలకాయంత ముద్ద చేసి, నడుమ గుంట పెట్టి నెయ్యి పోస్తారే, ఆ సంగటి. పళ్ళెంలో ఆ ముద్దను పెట్టి ఎదురుగా ఈయన్ని కూర్చోబెడితే, ఎవరు ఎవరిని తినబోతున్నారో చూసేవాళ్ళకు చప్పున తేలేది కాదు.

రాష్ట్రం రెండు ముక్కలైన కొత్తల్లో నేను బదిలీ మీద పులివెందులకు, ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పడానికి పోయాను. ఆయన అప్పటికే అక్కడ కామర్సు చెప్పి చెప్పి తల నెరిపించుకుని ఉన్నాడు. కాలేజీ పులివెందులలోనే గాని, మా ఉద్యోగం సగం బస్సులోనే జరిగేది. పొద్దున్నే ప్రొద్దుటూరులో నేనెక్కుతాను. జమ్మలమడుగులో ఆయనెక్కుతాడు. ముద్దనూరు దాటినాక ఊరికి ఇద్దరు ముగ్గురు పిల్లలెక్కుతారు. తొండూరు వచ్చేసరికి బస్సులో గాలి కూడా ఒంటికాలి మీద నిలబడేది.

ఆయన సీట్లో కూర్చునేవాడు కాదు. డ్రైవరు పక్కన ఇంజను డబ్బా మీద, మా అందరి వైపు మొహం పెట్టి కూర్చునేవాడు. కింద ఇంజను ఉడుకుతున్నా ఆయనకు కాలేది కాదు. కాలడానికి అక్కడ ఏమైనా ఉంటే గదా! అక్కడి నుంచే హాజరు వేసేవాడు. 'రాలేదు సార్' అంటే ఒప్పుకునేవాడు కాదు.

"రాలేదని నాకూ కనపడ్తానే ఉందప్పా. యాడుండాడో చెప్పు."

"చెనిక్కాయ పీకను పోయినాడు సార్."

"ఎప్పటికైతాది పీకేది?"

"శుక్రారానికైపోతాది సార్."

"అయితే శనివారం వస్తాడు. ఆ పొద్దు వానికి సీటు పట్టు."

ఈ సీటు పట్టడం ఆయన పెట్టిన చట్టం. ముందు స్టాపులో ఎక్కినవాళ్ళు తర్వాతి స్టాపులో ఎక్కేవాళ్ళకు తువ్వాలో చున్నీయో వేసి సీటు పట్టాలి. కాలేజీలో కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ అదే బస్సులో వచ్చే పై తరగతి పిల్లనొకదాన్ని అంటగట్టేవాడు. ఆమె బస్సక్క. మగపిల్లలకైతే బస్సన్న. పక్కపక్కన కూర్చోవాలి. ఆ గంట ప్రయాణంలో బస్సక్క చెప్పాల్సినవి బోలెడు. లైబ్రరీ పుస్తకాలు ఇంటికి కూడా తీసుకుపోవచ్చు అనేది ఒకటి. అర్థం కాకపోతే చెయ్యెత్తి అడిగినందుకు కాలేజీలో ఎవరూ కొట్టరు అనేది ఒకటి. ఏ సారు ఊరికే గుర్రుమంటాడు, ఏ సారు నిజంగానే కరుస్తాడు అనేది మరీ ముఖ్యమైంది. నేను మొదటి రకమని రహస్యంగా చెప్పుకునేవాళ్ళట. నేను ఎంత గుర్రుమన్నా పిల్లలు నవ్వడానికి కారణం చాలా ఆలస్యంగా తెలిసింది.

"ఇదంతా ఎందుకు సార్, కాలేజీలో మనమున్నాం కదా చెప్పడానికి" అన్నానొకసారి.

ఆయన ఇంజను డబ్బా మీద నుంచి వంగి నా చెవిలో, అంటే బస్సంతటికీ వినపడేలా అన్నాడు. "కొంతమంది పిల్లోళ్ళకు ఇంట్లోనే చెప్పేటోళ్ళుంటారప్పా. అక్క చదివుంటాది, మామ లెక్చరరుంటాడు. ఈ పిల్లోళ్ళ ఇండ్లల్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి కాళ్ళు వీళ్ళవే. వీళ్ళకు ఎవురుండారు చెప్పేదానికి? కండక్టరుండాడు."

"నన్నెందుకు లాగుతావు సార్ మధ్యలో?" అన్నాడు కండక్టరు. "ముందు ఇది చెప్పు. నేను టిక్కెట్టు మనుషులకియ్యాల్నా, చున్నీలకియ్యాల్నా? అరబస్సు చున్నీలే కూచోనుండాయి."

"చున్నీలకు కూడా పాసులుండాయి లేప్పా."

ఇంత చేసినా ఒక్కోసారి ఒక సీటు ఖాళీగానే ఉండిపోయేది. అప్పుడు మొదలయ్యేది సంగటి.

వారం దాటి ఏ పిల్లా బస్సెక్కకపోతే ఆదివారం పొద్దున నాకు పిలుపు వచ్చేది. నాకు స్కూటరుంది, ఆయనకు నడపడం రాదు. అందువల్ల దేవుడు మమ్మల్ని కలిపాడు. నేను ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయి ఆయన్ని వెనక ఎక్కించుకునేవాణ్ణి. ఎక్కాడో లేదో తెలిసేది కాదు. రెండుసార్లు ఆయన లేకుండానే బయల్దేరిపోయాను. ఆ పిల్ల ఊరు పోయి, ఇల్లు కనుక్కుని, గడపలో నిలబడి ఆయన పలికే మాట ఒకటే.

"అమ్మా, ఆకలైతాంది. ఏమన్నా ఉందా?"

ఆయనది జమ్మలమడుగులో పౌరోహిత్యం చేసే కుటుంబం. అన్న ఇప్పటికీ పెళ్ళిళ్ళు చేయిస్తాడు. అటువంటి ఇంటి మనిషి, కాలేజీ సారు, మిట్టమధ్యాహ్నం గుమ్మంలో నిలబడి బువ్వ అడిగితే ఆ ఇంట్లో భూమి కంపించేది. "అయ్యోరు మా ఇంట్లో తింటాడా?" అని గుసగుసలు. పక్కింటి నుంచి పళ్ళెం, ఎదురింటి నుంచి నెయ్యి, నాలుగిళ్ళ అవతలి నుంచి పీట. వీధి వీధంతా తిండి చూడ్డానికి వచ్చేది. ఆయన కూర్చుని సంగటి ముద్దను ఆ మొన నుంచి ఈ మొన దాకా పూర్తి చేసేవాడు. తింటున్నంతసేపు చదువు మాటెత్తేవాడు కాదు. గొర్రెల గురించి, వానల గురించి, కోడలి కాన్పు గురించి మాట్లాడేవాడు. చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, లేవబోతూ ఒక్క మాట. "సంగటి శానా బాగుంది. రేప్పొద్దున బస్సులో కనపడు తల్లీ." అంతే. వచ్చేసేవాడు.

తెల్లవారి ఆ పిల్ల బస్సులో ఉండేది. మైలవరం దగ్గర ఒక మగ్గం ఇంట్లో అయితే తండ్రే కొడుకు చొక్కా పట్టుకుని తెచ్చి బస్సెక్కించాడు. "మా ఇంట్లో బువ్వ తిన్న సారుకు ఎదురు చెప్పేదెట్ల?" అని వాపోయాడు కూడా.

"అదేంది సార్, అరగంట సలహా చెప్పినా వినని వాళ్ళు ముద్ద తింటే వింటున్నారు?" అని అడిగాను.

"సలహా చెప్పేటోడు బయటోడప్పా. బువ్వ అడిగేటోడు ఇంట్లోవాడు. ఇంట్లోవాని మాట తీసెయ్యాలంటే కష్టం."

నాకు ఆశ్చర్యమేమంటే, అదే మనిషి కాలేజీకి తెచ్చుకునే క్యారియరులో బాలింతకు పెట్టేటంత మెత్తటి మజ్జిగన్నం, అదీ పిల్లి మూతి తడిసేటంత ఉండేది. "ఇంట్లో గంజి తాగుతారు. బయట మాత్రం ముద్దలంట!" అని వాళ్ళావిడ నా ముందే ఎత్తిపొడిచేది. ఈయన వారమంతా పొదుపు చేసి ఆదివారం ఖర్చు పెడతాడు కాబోలని నేను అనుకునేవాణ్ణి.

ఆ ముద్ద పాచిక పారని ఇల్లు నాకు తెలిసి ఒకటే ఉంది. తొండూరు రోడ్డు నుంచి లోపలికి పోతే గొర్రెల మందలున్న పల్లె. ఆ పిల్ల గంగాదేవి. బీకాం రెండో ఏడాది పరీక్షల్లో రెండు పేపర్లు పోయాయి. మూడో ఏడాది మొదలై రెండు వారాలవుతున్నా బస్సెక్కలేదు. ఆ పిల్ల మీద సారుకు గట్టి నమ్మకం. ముందటేడే ఆమెను బస్సక్కను చేసి, ముద్దనూరు దగ్గర ఎక్కే మస్తానీ అనే కొత్త పిల్లను అప్పగించాడు. మస్తానీ ముందెక్కుతుంది కాబట్టి గంగక్కకు చున్నీ వేసి సీటు పట్టేది.

ఆదివారం మేం పోయేసరికి ఇంట్లో అమ్మానాన్నా లేరు. మేత కోసం మందతో పాటు దూరం పోయారు. రాజ్యమంతా అవ్వది. అవ్వ అంటే మామూలు అవ్వ కాదు. ఆమె ఒక్క కేక వేస్తే గొర్రెలు కాదు, కొండ కూడా దొడ్లోకి వచ్చేది.

సారు తన మామూలు మాట పలికాడు. అవ్వ మాట్లాడకుండా సంగటి, చెనిక్కాయల చట్నీ, అదే వేరుశనగ పచ్చడి, పెట్టింది. ఆయన తిన్నాడు, చెయ్యి కడిగాడు, "రేప్పొద్దున బస్సులో" అనబోయాడు.

"తింటివా? సంతోషం. ఇంగ పోయిరా" అంది అవ్వ. "పిల్ల మాత్రం రాదు."

జీవితంలో మొదటిసారి ఆయన చెయ్యి తువ్వాలు మీదే ఆగిపోవడం చూశాను.

"ఎందుకు రాదవ్వా?"

"పరీచ్చ పోయిందంట గదా. ఇంగేం సదువు? వాళ్ళ నాయన అయిదులో ఫెయిలైతే ఆ పొద్దే పలక పగలగొట్టి చేతికి కట్టె ఇస్తిమి. మా ఇంట్లో ఫెయిలైతే ఇంగంతే."

"కాలేజీలో అట్ల కాదవ్వా. మళ్ళీ రాయొచ్చు."

"మళ్ళీ రాసేదేంది? పోయింది పోయిందే. మమ్మల్ని ఎర్రోళ్ళను చేయొద్దు."

లోపలి గది వాకిలి సందులో ఒక కన్ను కనబడింది, మాయమైంది. పిల్ల బయటికి రాలేదు.

మరుసటి ఆదివారం మళ్ళీ పోయాం. అవ్వకు విషయం అర్థమైపోయింది. ఈయన్ని తిండితో తరమాలని తీర్మానించుకుంది. ఆ రోజు చట్నీలో చెనిక్కాయలు తగ్గి పచ్చిమిరపకాయలు పెరిగాయి. నేనూ ఒక ముద్ద తిన్నాను. నా చెవుల్లోంచి వచ్చిన ఆవిరితో స్కూటరు ముద్దనూరు దాకా దానంతటదే పోయింది. సారు కళ్ళలోంచి పెన్నకు వరదొచ్చింది. అయినా ముద్ద పూర్తి చేసి, "శానా బాగుందవ్వా" అన్నాడు.

"బాగుందా?" అంది అవ్వ అనుమానంగా. "అయితే మళ్ళీ వస్తావన్నమాట."

ఈ మధ్యలో బస్సులో మస్తానీ ఒంటరి యుద్ధం సాగిస్తోంది. పక్క సీటు మీద పచ్చ చున్నీ పరిచి దాని మీద సంచి పెట్టి రోజూ కాపలా. ఒకనాడు పెళ్ళివాళ్ళు మేళతాళాలతో వచ్చి అడిగినా ఇవ్వలేదు. ఒకనాడు పొట్టేలును ఎత్తుకొచ్చిన పెద్దాయన, "పోనీ నేను నిలబడ్తా, దీన్నన్నా కుసోబెట్టుకో పాపా" అని బతిమాలాడు.

"మా గంగక్క వస్తాది తాతా" అంది మస్తానీ.

"ఏ పొద్దు వస్తాది?"

"ఏ పొద్దన్నా వస్తాది."

కండక్టరు పోట్లాడి పోట్లాడి చివరికి మస్తానీ పక్షానికి వచ్చేశాడు. ఆ సీటు వైపు ఎవరు చూసినా ముందు ఆయనే అరిచేవాడు. "అది గంగమ్మ సీటు, అవతలికి జరుగు!" కొత్తవాళ్ళు ఎవరో గ్రామదేవతకు మొక్కిన సీటనుకుని దండం పెట్టుకుని నిలబడేవాళ్ళు.

మూడో ఆదివారం అవ్వ ఎర్రకారం నూరింది. దాని రంగు చూసే నేను ఉపవాసమని అబద్ధమాడాను. సారు సగం ముద్ద దాకా తిన్నాడు. చెయ్యి ఆగింది. మళ్ళీ తిన్నాడు. పూర్తి చేశాడు. లేవబోయి, గోడ పట్టుకుని, అట్లే నులకమంచం మీద ఒరిగిపోయాడు. మొహం పాత చింతపండు రంగు తిరిగింది. కడుపు రెండు చేతులా పట్టుకుని ముడుచుకుంటే ఆ మంచం మీద మనిషున్నాడా, దుప్పటి మడతుందా తెలియలేదు.

స్కూటరు తాళం కోసం నా జేబులన్నీ వెతికి ఆయన జేబులు కూడా వెతికాను. అది నా చేతిలోనే ఉంది. అప్పుడు లోపలి గది వాకిలి తెరుచుకుంది. గంగాదేవి చెంబు నిండా మజ్జిగ తెచ్చి, జీలకర్ర నలిపి వేసి, ఆయన తల పైకెత్తి తాగించింది.

"సార్, మీకు కారం పడదా?"

ఆయన కళ్ళు మూసుకునే అన్నాడు. "కారం ఎట్లనో పడ్తాదిలే తల్లీ. సంగటే పడదు."

"ఏ పొద్దు నుంచి?"

"పెండ్లి కాక మునుపు నుంచి. రాగి అరగదు నాకు. తింటే రెండు దినాలు ఇట్లనే."

వీధిలో గుమిగూడిన జనం నోళ్ళు గండికోట లోయలా తెరుచుకున్నాయి. నా నోరు అందులో అన్నిటికన్నా పెద్దది. ఎన్ని ఊళ్ళు, ఎన్ని ముద్దలు! ప్రతి ఆదివారం స్కూటరు దిగగానే ఆయన మాట్లాడకుండా ఇంట్లోకి పోయి తలుపేసుకోవడం తిన్న మత్తు అనుకున్నాను ఇన్నాళ్ళూ.

అవ్వ మంచం దగ్గరకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"పడదని తెలిసీ తింటివా?"

"నువ్వు పెడ్తివి గదవ్వా."

"నిన్ను తరమల్లని పెడ్తినప్పా నేను!"

"అదీ తెలుసు. అందుకే ఇంగొంచెం అడిగి పెట్టించుకుంటి."

అవ్వ ఆయన వైపు ఎంతసేపు చూసిందో! ఆ చూపుకు నులకమంచం కూడా కిర్రుమనడం మానేసింది. తర్వాత మనవరాలి వైపు తిరిగింది.

"ఏమే, ఇంటాండావా? ఈయప్ప అరగందాన్ని తినను ఇంత దూరం వస్తాండాడు. తలకెక్కందాన్ని రొంత సదవను నీకేం రోగమే?"

పిల్ల చెంబు కింద పెట్టింది. "సదవలేక కాదవ్వా. మస్తానీకి ఏం మొగం చూపియ్యాల? దానికి లెక్కలు నేర్పిస్తానంటి. నేనే ఫెయిలైతి."

అదీ అసలు సంగతి. అవ్వ పలకలు పగలగొట్టే చట్టం పైకి కనబడే అడ్డం. లోపలి అడ్డం మాత్రం బస్సులో ఆ పచ్చ చున్నీ పక్కన కూర్చునే ధైర్యం లేకపోవడం. నేనేదో సాహిత్య స్థాయిలో ఓదార్చబోయాను. సారు వేలెత్తి నన్ను ఆపాడు.

"మస్తానీ నీ మార్కులు అడగలేదు తల్లీ" అన్నాడు. "నీ సీటు కాపాడుకుంటాంది. పెండ్లోళ్ళను తరిమింది. పొట్టేలును తరిమింది. ఇంగ ఆ పిల్లకు కూడా చేతనైతాదో లేదో."

గంగాదేవికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "పొట్టేలా సార్?"

"కొమ్ములది."

సోమవారం పొద్దున బస్సు ఆ పల్లె స్టాపు దగ్గరకొస్తుంటే డ్రైవరు ఎవరూ చెప్పకుండానే నెమ్మది చేశాడు. రోడ్డు పక్కన గంగాదేవి, పక్కన చేతికర్రతో అవ్వ. పిల్ల ఎక్కింది. మస్తానీ లేచి, సంచి తీసి, చున్నీ తీసి దులిపింది. నెల రోజుల దుమ్ముకు అందరం తుమ్మాం. ఆ గోలలో వాళ్ళిద్దరూ ఎప్పుడు ఏడ్చారో ఎప్పుడు కూర్చున్నారో ఎవరూ చూడలేదు. అవ్వ ముందు వాకిలి దగ్గరకొచ్చి ఇంజను డబ్బా వైపు ఒక సీసా అందించింది.

"అయ్యోరా, మజ్జిగ. ఉప్పు తక్కువేసినా. కారం వెయ్యలేదు, బయపడొద్దు."

ఆ ఏడంతా ప్రతి సోమవారం ఆ స్టాపులో ఒక సీసా ఎక్కేది. గంగాదేవి రెండు పేపర్లలో ఒకటి ముందు గట్టెక్కింది. రెండోది మళ్ళీ పోయింది. అవ్వకు చెప్పడానికి భయపడి సారును తోడు తీసుకుపోయింది. అవ్వ చల్లగా, "మళ్ళీ రాయొచ్చంట గదా? రాయి" అంది, ఆ చట్టం ఏదో తనే పెట్టినట్టు. రాసింది. అయింది. డిగ్రీ పట్టా ఇంటికొచ్చిన రోజు అవ్వ దాన్ని మందలో ప్రతి గొర్రెకూ విడివిడిగా చూపించిందని ఆ ఊళ్ళో అంటారు. ఒక గొర్రె అంచు కొరికిందని, దాన్ని పండక్కి ఎంచుకున్నారని కూడా అంటారు గాని అంతమటుకు నేను నమ్మను. గంగాదేవి ఇప్పుడొక సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో లెక్కలు చూస్తోంది. మస్తానీ ఎమ్మే చదివి పంతులమ్మయింది.

మొన్న సారు కర్మల చివరి రోజుకు జమ్మలమడుగు పోయాను. ఇల్లు పట్టనంత జనం. లోపల మంత్రాలు, బయట వీధి పొడుగునా ఆయన ముద్దలు తిన్న ఇళ్ళవాళ్ళు. గంగాదేవి అవ్వను ఆటోలో తీసుకొచ్చింది. అవ్వ మరీ చిన్నదైపోయింది గాని గొంతు అట్లే ఉంది. చంకలో సత్తు బిందె. నిండా మజ్జిగ. గడప దగ్గర ఆగి, లోపలికి పోవచ్చునో లేదో అన్నట్టు నిలబడింది. సారు భార్య లోపలి నుంచి వచ్చి, రెండు చేతులా బిందె అందుకుని, అవ్వ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

"నాకేం తెలుసు తల్లీ ఆయప్ప కడుపు సంగతి" అంటోంది అవ్వ. "తెలిసుంటే మొదటి ఆదివారమే మజ్జిగన్నం పెట్టుందును."

"మంచిదయింది పెట్టకపోవడం" అంది ఆమె. "పెట్టుంటే అదే పనిగా మీ ఇంటికే వచ్చేవారు. మిగిలిన పిల్లలేం కావాలి?"

ఇద్దరూ నవ్వారు. ఆ రోజు విస్తరి ముందు కూర్చున్న ప్రతివాడికీ అవ్వ బిందెలోని మజ్జిగ చివర్లో పడింది. అన్ని విస్తళ్ళకు పోసినా బిందె అడుగు కనపడలేదు. ఈ ఒక్క మాటలో నేను ఏమీ పెంచలేదు.

ఆ రాత్రి అక్కడే పడుకుని, పాత కాలేజీని ఒకసారి చూసి పోదామని పొద్దున్నే జమ్మలమడుగులో పులివెందుల బస్సెక్కాను. ప్రొద్దుటూరు నుంచే నిండి వచ్చింది. నా శరీరం ఈ మధ్య సారు శరీరానికి పూర్తిగా వ్యతిరేక దిశలో ప్రయాణిస్తోంది. ఒక కాలి మీద మరొకరి కాలు, వీపున ఎవరిదో బియ్యం సంచి. ముద్దనూరు దగ్గర ఇద్దరు దిగారు. దేవుడు కరుణించి ఒక సీటు ఖాళీ అయిందనుకుని, దాని మీదికి వంగి, సగం దూరం కిందికి దిగాను కూడా.

"సార్ సార్ సార్! ఆడ కుసోవద్దు!"

అప్పుడే ఎక్కిన పిల్ల, కొత్తగా చేరినట్టుంది, నాకన్నా ముందే ఎర్ర చున్నీ విసిరేసింది. "మా బస్సక్కకు పట్టినా సార్."

నేను వంగినవాణ్ణి వంగినట్టే నిలబడిపోయాను. "బస్సక్కా? ఈ చట్టం ఎవరు పెట్టారో తెలుసామ్మా నీకు?"

"తెలీదు సార్. మొదట్నించీ ఉందంట."

"సంగటి సారని పేరు విన్నావా ఎప్పుడైనా?"

"ఎవురు సార్?"

నిటారుగా లేచి కమ్మీ పట్టుకున్నాను. మోకాళ్ళు కలుక్కుమంటున్నా మనసు మాత్రం మెత్తటి సీట్లో కూర్చున్నంత హాయిగా ఉంది. ఆయన పోయాడు, పేరు పోయింది, చున్నీ మాత్రం తన పని తాను చేసుకుంటోంది. తొండూరు వచ్చింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు. బస్సు కదిలింది. సీటు ఖాళీగానే ఉంది.

"మీ బస్సక్క రాలేదే! ఇంక చున్నీ తియ్యి తల్లీ, నా కాళ్ళు పడిపోతున్నాయి."

"రేపొస్తాది సార్. వచ్చేదాకా తీయకూడదంట." ఆ పిల్ల కిటికీలోంచి వెనక్కి చూసి, గొంతు తగ్గించింది. "పోయిన వారం నుంచీ రాలేదు సార్."

ఇంజను డబ్బా వైపు చూశాను. దాని మీద ఎవరో టమోటాల గంప పెట్టారు. ఆదివారానికి స్కూటరులో గాలి ఉందో లేదో చూసుకోవాలి. పిల్ల వైపు వంగి అడిగాను.

"వాళ్ళ ఇల్లు యాడమ్మా? వాళ్ళింట్లో సంగటి ఎట్ల చేస్తారు?"